సైకిలు మీద పోయే కూలికి పరిహారం ఎన్నేళ్లకు?

ఊడ్పుల రోజుల్లో తెల్లవారకముందే చెరుకుపల్లి చుట్టుపక్కల రోడ్ల మీద నిలబడితే తెలుస్తుంది. ఆడకూలీలు ఆటోల్లో కుక్కుకుని పోతుంటారు. మగవాళ్లలో వయసు మళ్లినవాళ్లు ఇప్పటికీ సైకిళ్ల మీదే, హ్యాండిలుకు అన్నం క్యారేజీ తగిలించుకుని పోతారు. రోడ్డు మాత్రం వెనకటి రోడ్డు కాదు. రేపల్లె, బాపట్లల మీదుగా 216 నంబరు జాతీయ రహదారి పడింది. రొయ్యల లారీలు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. ధాన్యం ట్రాక్టర్లకు వెనక లైటు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. దెబ్బ తగిలి మంచాన పడ్డ కూలి ఇంటికి మేము వెళితే, ఇంటావిడ మొదట అడిగేది ఒకటే: "పరిహారం ఎన్నాళ్లకు వచ్చిద్దయ్యా?"

కాగితం మీద దీనికి జవాబుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు మొదటి నివేదికను క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి. 10 రోజుల్లో బాధితుడికి అతని హక్కులేమిటో చెప్పే కాగితం ఇవ్వాలి. 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. అది అందిన 30 రోజుల్లో బీమా కంపెనీ ఎంత ఇస్తుందో చెప్పాలి. మొత్తం కలిపితే నాలుగు నెలలు. ఈ నిబంధనలు అమలు చేయమని సుప్రీంకోర్టు 2022 డిసెంబరు 15న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది కూడా. మరి మేము కూలీల వెంట తిరిగిన కేసుల్లో రెండేళ్లలో తేలినది ఒక్కటి లేదు. నాలుగేళ్లు, అయిదేళ్లు మామూలు. హక్కులు చెప్పే ఆ పది రోజుల కాగితం చేతిలో పడ్డ కూలిని మేమింతవరకూ చూడలేదు.

ఆలస్యం కోర్టులో పుడుతుందనుకుంటారు చాలామంది. మా అనుభవంలో అది ఊళ్లోనే, మొదటి వారంలోనే పుడుతుంది. గుద్దిన ట్రాక్టరు తెలిసిన రైతుదై ఉంటుంది. రేపు పనికి పిలవవలసినవాడూ అతనే. పెద్దమనుషులు కూర్చుని "కేసెందుకు, వైద్యం చేయిస్తాడులే" అని అయిదువేలో పదివేలో చేతిలో పెట్టిస్తారు. ఆసుపత్రిలో "సైకిలు మీద నుంచి పడ్డాడు" అని రాయిస్తారు. ఆ ఒక్క ముక్క తర్వాత గుదిబండ అవుతుంది. డబ్బు అయిపోయి, కాలు కూడక, మూడో నెలలో స్టేషనుకు పోతే "ఇన్నాళ్లూ ఏం చేశావు?" అంటారు. కోర్టులో బీమా వకీలు ఆసుపత్రి కాగితం తీసి, అసలు ట్రాక్టరే లేదంటాడు. బీమా ఉన్న బండి గుద్దితే పరిహారం కట్టేది రైతు కాదు, కంపెనీ. ఈ సంగతి పంచాయితీలో రైతుకూ తెలియదు, కూలికీ తెలియదు. బీమా లేని బండి అయితే రైతుకు తెలుసు. పంచాయితీ తొందర అందుకే.

తర్వాతిది డాక్టరు సాక్ష్యం. కాలు విరిగినవాడికి ఎంత శాతం వైకల్యమో సర్టిఫికెట్టు కావాలి. ఇచ్చిన డాక్టరు వచ్చి చెప్పాలి. ఆయనకు ఆపరేషన్లు, బదిలీలు. వాయిదా మీద వాయిదా. డాక్టర్లు వచ్చిన రోజునే వాళ్ల సాక్ష్యం తీసుకోమని, లేదంటే కమిషన్ ద్వారా తీసుకోమని సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో 2010లోనే చెప్పింది. ఆ కేసులో ప్రమాదం జరిగింది 1991లో. అదే తీర్పులో మన కూలీలందరికీ పనికొచ్చే మాట ఒకటుంది. అవయవానికి ఎంత శాతం వైకల్యమన్నది వేరు, సంపాదన ఎంత పోయిందన్నది వేరు. ఒక చెయ్యి పోతే గుమాస్తా ఉద్యోగం చేసుకోవచ్చు, వడ్రంగి బతుకు పూర్తిగా పోతుంది. మోకాలు వంగనివాడు బురదలో వంగి నారు ఎట్లా వేస్తాడు? డాక్టరు నూటికి ఇరవై అని రాసినా మనవాడికి అది నూటికి నూరే. దీన్ని వాదించాలంటే అతను చేసే పని ఏమిటో జడ్జిగారికి వివరంగా చెప్పేవాళ్లుండాలి.

ఆదాయం రుజువు ఇంకో తంటా. కూలికి జీతం చీటీ ఉండదు. పని ఇచ్చిన రైతు బోను ఎక్కడు. కర్ణాటక కూలి రామచంద్రప్ప కేసులో కింది కోర్టులు నెలకు 3,000 అని తగ్గించి కడితే, అతను చెప్పిన 4,500 రూపాయలనే సుప్రీంకోర్టు 2011లో ఒప్పుకుంది. అయినా ఇప్పటికీ కంపెనీలు రుజువు ఏదీ అని అడుగుతూనే ఉన్నాయి. అడిగితే ఇంకో వాయిదా దొరుకుతుంది గదా!

ఈ వాయిదాల్లో ఎవరు లాభపడుతున్నారో లెక్క వేద్దాం. వైద్యానికి 50,000 అప్పు చేసిన కూలి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ కడతాడు. ఏడాదికి 18,000. నాలుగేళ్లకు 72,000. అసలు అలాగే ఉంటుంది. కోర్టు కంపెనీ చేత ఇప్పించే వడ్డీ ఏడాదికి నూటికి ఏడున్నర అనుకుంటే, అదే మొత్తం మీద నాలుగేళ్లకు 15,000. ఆలస్యం కూలిని ముంచుతుంది, కంపెనీకి చౌక అప్పులా పనికొస్తుంది. మూడో ఏటికి లోక్ అదాలత్‌లో "ఇంత ఇస్తాం, సంతకం పెట్టు" అంటే పెట్టకేం చేస్తాడు?

చట్టంలో దగ్గరి దారి లేకపోలేదు. తప్పెవరిదని చూడకుండా ఇచ్చే పరిహారం మొదట 1982 సవరణతో వచ్చింది: మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500. ఇప్పుడు 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి 2.5 లక్షలు. ఎముక విరిగితే తీవ్రగాయమే. కానీ అది తీసుకుంటే ట్రిబ్యునల్‌లో పెద్ద కేసు రద్దయిపోతుంది. జల్దీగా కొంచెం కావాలా, ఏళ్లు గడిచాక న్యాయంగా రావలసింది కావాలా అని అప్పులవాణ్ణి అడగటం ఏం బేరం?

గడువుల విషయంలో ప్రభుత్వానికి పట్టింపు లేదనలేం. ఉంది, కూలి మీదే ఉంది. కేసు వేయటానికి 1988 చట్టం పెట్టిన ఆరు నెలల గడువును 1994లో తీసేశారు. 2019 సవరణతో మళ్లీ తెచ్చి 2022 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. ఆరు నెలలు దాటిందని కేసులు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి కొంత ఊపిరి ఆడింది. కాలు విరిగి మంచంలో ఉన్నవాడు గడువు దాటితే తలుపు మూస్తారట. పోలీసులు 90 రోజులు దాటినా, కంపెనీ 30 రోజులు దాటినా అడిగేదెవరు?

పనికి పోతూ దెబ్బ తగిలితే యజమాని ఇవ్వాలన్న వాదన కూడా ఉంది. మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు 2003లో డ్యూటీకి పోతూ దారిలో చనిపోతే, పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2025 జూలైలో తేల్చింది. ఇరవై రెండేళ్లు! పైగా అతనికి ఒక ఫ్యాక్టరీ ఉంది. సోమవారం ఒక చేను, మంగళవారం ఇంకో చేను పోయే మనవాడికి యజమాని ఎవరు?

దొంగ క్లెయిములు ఎక్కువయ్యాయి, అందుకే పరిశీలనకు టైము పడుతోందని కంపెనీలవాళ్లు చెబుతారు. దొంగ కేసులు ఉన్నమాట నిజమే, వాటిని పట్టుకోవలసిందే. 48 గంటల్లో వెళ్లి రాసిన నివేదికలో దొంగతనం దాగదు. ఏడాది తర్వాత రాసిన నివేదికలోనే దాగుతుంది.

మండలంలో 2022 ఏప్రిల్ తర్వాత సైకిలు మీద పోతూ దెబ్బలు తిన్న కూలీల కేసుల్లో 90 రోజుల నివేదిక ఎన్నిటికి వెళ్లిందో రాతపూర్వకంగా చెప్పమని మేము అధికారులను అడగబోతున్నాం. గుద్దిన బండి దొరక్కపోతే తీవ్రగాయానికి 50,000, మరణానికి 2 లక్షలు ఇచ్చే పథకం ఉంది. నెలలో బండి ఆచూకీ తెలియకపోతే ఆ పథకం సంగతి బాధితులకు పోలీసులే రాతపూర్వకంగా తెలపాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ అడుగుతాం. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలి. వచ్చినదాంట్లో వాటా అని ఫీజు మాట్లాడుకోవటం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. దెబ్బలు తిన్నవాళ్లు ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి మొదటి చీటీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు ఒక సంచిలో వేసుకుని సంఘం దగ్గరికి రండి. ఆసుపత్రి చీటీలో "పడ్డాడు" అని ఉంటే ముందు ఆ చీటీ తెండి.