ఆ ఇంటి వాకిట్లో అడిగే ప్రశ్న

అనంతపురం సీమలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ చాలా ఏళ్లు సరిగ్గా వేరుశనగ ఊడలు దిగే వేళకే ముఖం చాటేస్తుంది. 1990ల చివరి నుంచి ఇక్కడి రైతుల ఆత్మహత్యలపై ఆర్థికవేత్తలు, పాత్రికేయులు, కమిషన్లు ఎంతో రాశారు. మనస్తత్వ శాస్త్రానికి ఇలాంటి మరణాలను చదివే పద్ధతి ఒకటుంది, సైకలాజికల్ అటాప్సీ. పోయిన మనిషి మనసును భార్య, అన్నదమ్ములు, ఇరుగుపొరుగు మాటల్లో వెతకడమే ఆ పద్ధతి. అది తప్పని నేననను. కానీ ఈ నేలమీద ఆ జవాబులు బతికున్నవాళ్ల కూటికే ఎసరు పెట్టగలవు. ఆ ప్రమాదాన్ని ముందే లెక్కగట్టని అధ్యయనానికి ఏ ఎథిక్స్ కమిటీ అనుమతి ఇవ్వకూడదు.

2004 జూన్‌లో వచ్చిన 421వ నంబరు జీవో ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల ఎక్స్‌గ్రేషియా, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు ప్రకటించింది. తర్వాతి ప్రభుత్వాలు ఆ మొత్తాన్ని పెంచాయి. అయితే డబ్బు చేతికి రావాలంటే చావుకు కారణం సాగు, అప్పులేనని రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారుల త్రిసభ్య కమిటీ తేల్చాలి. పాసుపుస్తకం, ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం కాగితం, వడ్డీవ్యాపారికి రాసిచ్చిన ప్రోనోటు నకలు, అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని చనిపోయిన రైతు ఇల్లాలు ఎదురుచూస్తుంది. అధికారి వచ్చి, ‘తాగేవాడా? ఇంట్లో గొడవలున్నాయా?’ అంటాడు. వారం తర్వాత పరిశోధకుడు వచ్చి అవే ప్రశ్నలు వేస్తాడు. ఇద్దరి చేతిలోనూ ఫారమే. ఎవరికి చెప్పిన మాట ఎక్కడికి చేరుతుందో ఆమెకెలా తెలుస్తుంది? అలాంటప్పుడు ఆమె పెట్టే సంతకాన్ని సమ్మతి అనలేం. పొరుగున కర్ణాటకలో రైతు ఆత్మహత్యలపై 2002 నాటి వీరేశ్ కమిటీ నివేదిక తాగుడు, కుటుంబ కలహాలను ముందుకు తెచ్చింది. నింద చనిపోయినవాళ్ల మీదికే మళ్లిందని అప్పట్లో విమర్శలు వెల్లువెత్తాయి.

పేర్లు తీసేస్తాం కదా అనేది పరిశోధకుల మొదటి సమాధానం. కంబదూరు మండలంలో ఒక చిన్న ఊరు, నాలుగెకరాలు, ఎండిపోయిన అయిదు బోర్లు, ఇద్దరు ఆడపిల్లలు అని రాస్తే చాలు, ఆ ఇల్లు ఏదో ఊరంతా చెబుతుంది. పైగా కక్షిదారు తన న్యాయవాదికి చెప్పిన మాటకు మన సాక్ష్య చట్టంలో రక్షణ ఉంది. పరిశోధకుడికి చెప్పిన మాటకు లేదు. ఇంత భయమైతే అసలు అడగడమే మానేద్దామా అనే ప్రశ్న ఇంకా బరువైనది. మానకూడదు. సామాజికంగా సున్నితమైన పరిశోధన గురించి 1988లో రాసిన సీబర్, స్టాన్లీ కూడా ఇబ్బందికరమైన అంశాలను తప్పించుకోవడం బాధ్యత అనిపించుకోదన్నారు. కుంగుబాటు నిజం, దానికి వైద్యమూ అవసరమే. అయితే ప్రశ్నను ఎక్కడ నిలబెడతామన్నది ముఖ్యం. శ్రీలంక 1990లలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక, 1995 నుంచి పదేళ్లలో ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడిపోయింది. ఆ ఫలితానికి ఏ రైతు గుణగణాలనూ తవ్వి తీయాల్సిన అవసరం రాలేదు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడుంది, పంట పోయిన నెలలో అప్పులవాళ్లు ఎన్నిసార్లు గుమ్మం తొక్కారు, సాయానికి మండలంలో ఎవరున్నారు అని అడిగినా మనసు తెలుస్తుంది. భూమి తన పేరున లేని ఆడమనిషి, కౌలురైతు చనిపోతే తరచూ రైతుల లెక్కలోకే ఎక్కని సంగతీ అప్పుడే బయటపడుతుంది.

కాబట్టి మన విశ్వవిద్యాలయాలను కోరేది ఇదీ. విచారణ ముగిసి డబ్బు అందేదాకా ఆ గడప తొక్కకండి. రాసిన నివేదికను అచ్చుకు ముందే తెలుగులో ఆ కుటుంబానికి చదివి వినిపించండి, వద్దన్న వాక్యం తీసేయండి. సంతకం అడిగే ముందు మాత్రం ఈ ముక్క ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి: ‘మేం సర్కారు మనుషులం కాదమ్మా, నువ్వు మాట్లాడకపోయినా నీకు రావాల్సింది ఆగదు.’