సేటూ, తారీఖు మార్చుండ్రి!

మన పట్నాల్లో రక్తదాన శిబిరం అనగానే ముందు లేచేది ఫ్లెక్సీ. నడుమ సేటు నిలువెత్తు ఫొటో, చుట్టూ దోస్తుల తలకాయలు, కింద ఎక్కడో మూలకు ఒక చిన్న ఎర్ర చుక్క. బట్టల దుకాణమో, బంగారం దుకాణమో, రైస్‌మిల్లో ఏదైనా కావచ్చు. సేటు పుట్టినరోజో, దుకాణం తెరిచిన రోజో అయి ఉంటుంది. షామియానా, కుర్చీలు, పండ్లు, మజ్జిగ అన్నీ ఆయన ఖర్చే.

ఎగతాళికి రాయడం లేదు. అట్లాంటి శిబిరాల్లో మేమూ పండుకొని రక్తం ఇచ్చినవాళ్లమే. పైసలిచ్చి రక్తం కొన్న రోజులు మన పెద్దలకు ఇంకా యాదికున్నయి. రెండేళ్లలో ఆ అమ్మకం ఆపాలని 1996 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత ఆ జాగాను నింపడంలో కాలేజీ పిల్లలు, ఉద్యోగ సంఘాలతోపాటు బజారు దుకాణాలకూ వాటా ఉన్నది. ఆ మాట ఒప్పుకోవాలె.

మా పేచీ తారీఖుతోని.

గోదాంలో వేసి తాళం పెట్టుకోవడానికి రక్తం వడ్లు కాదు. ఎర్రకణాలను చల్లగా దాచినా నిలిచేది 35 నుంచి 42 రోజులు. ప్లేట్‌లెట్లు అయితే మామూలుగా 5 రోజులే. ఒక్కరోజే రెండు వందల మంది ఇస్తే పేపర్లో ఫొటో బాగానే వస్తుంది, ఆ నెల గడుస్తుంది. రెండో నెల సంగతేంది? తలసీమియా తీవ్రంగా ఉన్న పిల్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మూలుగ మార్పిడి జరిగితే తప్ప జీవితాంతం ఇదే తిప్పలు. ఏప్రిల్, మేలల్ల కాలేజీలు బంద్, ఎండకు బయటకొచ్చేవాడు లేడు. అప్పుడే బ్లడ్‌బ్యాంకు అరలు ఖాళీ అయితయి. మాకు తెలిసిన ఆటోడ్రైవర్ ఒకాయన బిడ్డ కోసం జేబులో ఫోన్ నంబర్ల చీటీ పెట్టుకొని తిరుగుతడు. ఎవరు ఎప్పుడు ఇచ్చిండ్రో పక్కన రాసుకుంటడు. ఆ చీటీలో ఒక్క సేటు నంబరూ లేదు.

ఇంకొకటి. ఆ బెంచీల మీద పండుకున్నదెవరో ఎప్పుడన్నా చూసిండ్రా? చాలామంది ఆ దుకాణంలోని గుమాస్తాలే. పొద్దుగాల షట్టర్ ఎత్తి రాత్రి దాకా నిలబడి చీరలు విప్పి చూపించే పిల్లలు. రక్తమిచ్చి, బిస్కెట్ తిని, అరగంటలో మళ్లీ కౌంటర్ మీదికి! జీతమిచ్చే సేటు ఎదురుగ నిలబడితే "నాకు వద్దు" అనే ధైర్యం ఎవరికుంటది? ఇది స్వచ్ఛంద రక్తదానమా? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి పనిదినాన రక్తమిస్తే ఏడాదికి 4 సార్ల దాకా ప్రత్యేక సెలవు ఉన్నది. గుమాస్తాకు ఏమున్నది?

హెల్మెట్లు, టిఫిన్ డబ్బాలు పంచుడు కూడా మంచిది కాదు. డబ్బా మీద ఆశతో మొన్నటి జబ్బు సంగతి దాచేవాడు ఉంటడు. రక్తాన్ని పరీక్షిస్తరు, నిజమే. కానీ కొన్ని జబ్బులు సోకిన తొలి దినాల్లో పరీక్షకు చిక్కవు. అందుకే ఇచ్చేవాడు నిజం చెప్పడం అంత ముఖ్యం.

ప్రతి బజారులో దుకాణదారుల సంఘం ఉంటది. పన్నెండు దుకాణాలు పన్నెండు నెలలు పంచుకుంటే ఏం పోతది? మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. అంటే అదే మనుషులు మళ్లీ మళ్లీ రాగలరు. ఏ నెలలో కొరత ఉన్నదో బ్లడ్‌బ్యాంకును అడిగి తారీఖు పెట్టాలె. ఫ్లెక్సీకి పెట్టే పైసలు గుమాస్తాల సగం దినం జీతానికి సరిపోతయి. ఇచ్చినా ఇయ్యకున్నా ఆ పూట సెలవు అందరికీ ఉండాలె, లేకుంటే మళ్లీ అదే బలవంతం.

ఈసారి దుకాణపాయన శిబిరానికి జనాన్ని తెమ్మంటే విద్యార్థులం, ఉద్యోగులం రెండే అడుగుదాం. మే నెలలో పెడతరా? మీ పిల్లలకు ఆ పూట సెలవిస్తరా? సరేనంటే ఫొటో ఇంకింత పెద్దగనే వేసుకోమందాం.