జున్ను... ముందు దూడకే!

పక్కింటి గేదె ఈనిందంటే మర్నాటికల్లా మనింటికి గిన్నెడు జున్నుపాలు రావాల్సిందే. తరిగిన బెల్లం, కాస్త మిరియాల పొడి, రెండు యాలకులు వేసి ఆవిరి మీద పెడితే చాలు... కాసేపటికల్లా గిన్నెలో జున్ను రెడీ. పట్నంలో ఉన్న పిల్లలకు ఊరి నుంచి సీసాలో పోసి పంపేంత అపురూపం అది. మామూలు పాలను ఎంతసేపు ఆవిరి మీద ఉంచినా అలా గట్టిపడవు. మరి జున్నుపాలే ఎందుకు గడ్డకడతాయి?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే పశువుల వ్యాధినిరోధకశక్తి గురించి సగం పాఠం వచ్చేసినట్టే!

ఆవుపాలలో నూటికి మూడు, మూడున్నర పాళ్లే మాంసకృత్తులుంటాయి. అదే ఈనిన వెంటనే తీసిన తొలిపాలలో అయితే 14 పాళ్ల దాకా ఉంటాయి. అందులో పెద్ద వాటా ఇమ్యునోగ్లోబ్యులిన్లది. వాడుక మాటలో చెప్పాలంటే యాంటీబాడీలు... రోగక్రిములతో పోరాడే సైనికులు. వేడి తగలగానే ఒకదానికొకటి అల్లుకుని జున్నుగా గట్టిపడేది ఎక్కువగా ఇలాంటి మాంసకృత్తులే. అంటే... వంటింట్లో జున్నుకు ఆ గట్టిదనాన్నిచ్చేదీ, కొట్టంలో దూడ ప్రాణాన్ని కాపాడేదీ చాలామటుకు ఒకటే సరుకన్నమాట!

వట్టి చేతులతో పుట్టే దూడ

మనిషి బిడ్డ కడుపులో ఉండగానే తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ గుండా కొంత చేరిపోతాయి. పుట్టేనాటికే బిడ్డ దగ్గర అమ్మ ఇచ్చిన రక్షణ ఉంటుంది. ఆవు, గేదె, గొర్రె, మేక విషయంలో అలా కాదు. వాటి మాయలో తల్లి రక్తానికీ పిల్ల రక్తానికీ మధ్య పొరలు ఎక్కువ. యాంటీబాడీలు వాటిని దాటలేవు. అందుకే దూడ దాదాపు వట్టి చేతులతో భూమ్మీద పడుతుంది. పడేదేమో పేడ, మూత్రం, ఈగలు ఉన్న కొట్టంలో!

ప్రకృతి దీనికో ఏర్పాటు చేసింది. కొత్తగా పుట్టిన దూడ పేగులకు ఓ ప్రత్యేకత ఉంది. జున్నుపాలలోని యాంటీబాడీలను జీర్ణం చేయకుండా ఉన్నవాటిని ఉన్నట్టుగా రక్తంలోకి పంపించేస్తాయి. కానీ ఆ తలుపు ఎక్కువసేపు తెరిచి ఉండదు. పుట్టిన తొలి ఆరు గంటల్లో బాగా తెరిచి ఉంటుంది. ఆ తర్వాత గంట గంటకూ మూసుకుపోతూ 24 గంటలయ్యేసరికి దాదాపు బిగిసిపోతుంది. మర్నాడు కడుపునిండా జున్నుపాలు పట్టినా అవి ఆహారంగా పనికొస్తాయి, పేగులో కొంత కాపలా కాస్తాయి. రక్తంలోకి మాత్రం చేరవు.

సరిగ్గా ఇక్కడే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వకూడదన్నది పాత అలవాటు. మాయ పడటానికి ఒక్కోసారి ఎనిమిది గంటలు, పది గంటలు కూడా పట్టొచ్చు. విలువైన సమయమంతా గోడ నాకుతూ గడిచిపోతుంది. నిజానికి దూడ కుడిస్తే తల్లి ఒంట్లో పాలు చేపించే హార్మోను విడుదలవుతుంది. గర్భసంచిని ముడుచుకునేలా చేసేదీ ఆ హార్మోనే. అంటే దూడను వదిలితే మాయ పడటానికి సాయమే తప్ప అడ్డంకి కాదు.

లెక్క కూడా తేలికే. తొలిరోజు దూడ బరువులో పదో వంతు జున్నుపాలు దాని కడుపులోకి వెళ్లాలి. 30 కిలోల దూడకు మూడు లీటర్లు. అందులో సగం పుట్టిన గంటా రెండు గంటల్లోపే తాగించాలి. ముందు పొదుగు శుభ్రంగా కడగాలి. ఎందుకంటే తలుపు తెరిచి ఉన్నప్పుడు యాంటీబాడీలే కాదు, పేడలోని క్రిములూ లోపలికి దూరాలని చూస్తాయి. ఎవరు ముందు వెళ్తే వాళ్లదే పైచేయి.

కంటికి కనపడని శత్రువులు

దూడకు ఇంత రక్షణ ఎవరి నుంచి? పశువులకు వచ్చే అంటురోగాల్లో చాలావాటికి కారణం బ్యాక్టీరియా లేదా వైరస్. రెండూ సూక్ష్మక్రిములే అయినా రెండింటి తీరూ వేరు.

తొలకరి వానలతోపాటే వచ్చే గొంతువాపు బ్యాక్టీరియా వల్ల వస్తుంది. గొంతు కింద వాచి, గురక పెడుతూ, ఒకటి రెండు రోజుల్లోనే పశువు పడిపోతుంది. ఆవులకన్నా గేదెలకు దీని ముప్పు ఎక్కువ. జబ్బవాపూ బ్యాక్టీరియా రోగమే. దాని బీజాలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటాయి. వయసులో ఉన్న, బలంగా కనిపించే పశువులనే అది ఎక్కువగా పట్టుకుంటుంది. బ్యాక్టీరియా మీద యాంటీబయాటిక్ పనిచేస్తుంది. కానీ రోగం ఇంత వేగంగా ముదిరితే డాక్టరు వచ్చేలోపే పరిస్థితి చేయి దాటిపోతుంది.

గాలికుంటుది మరో దారి. అది వైరస్ రోగం. 1898లో జర్మనీకి చెందిన లోఫ్లర్, ఫ్రాష్ అనే శాస్త్రవేత్తలు జబ్బుపడిన పశువు బొబ్బల్లోని ద్రవాన్ని బ్యాక్టీరియా దాటలేని సన్నటి వడపోత గుండా పంపారు. అయినా ఆ ద్రవం రోగాన్ని తెచ్చింది. బ్యాక్టీరియా కన్నా చిన్న శత్రువు ఉందని తెలిసింది. జంతువులకు రోగం తెచ్చే వైరస్‌ను మొదటిసారి గుర్తించింది అలాగే. ఈ వైరస్‌ను యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడినప్పుడు డాక్టరు ఇచ్చే మందులు ఆ పుండ్లలోకి వేరే బ్యాక్టీరియా చేరకుండా చూడటానికే. పెద్ద పశువులు చాలావరకూ కోలుకుంటాయి కానీ పాలు పడిపోతాయి. కొన్ని ఆ తర్వాత ఎండకు తట్టుకోలేక రొప్పుతూనే ఉంటాయి. లేగదూడల్లో అయితే వైరస్ గుండె కండరాన్నే దెబ్బతీస్తుంది. పొద్దున గెంతిన దూడ సాయంత్రానికి ఉండకపోవచ్చు.

అమ్మ సొమ్ము కొన్నాళ్లే

జున్నుపాలతో వచ్చిన యాంటీబాడీలు పుట్టింటి సొమ్ములాంటివి. ఖర్చవుతాయే తప్ప పెరగవు. కొన్ని నెలల్లో కరిగిపోతాయి. పైగా తల్లి ఎదుర్కొన్న రోగాలకూ, తల్లికి టీకాలు పడిన రోగాలకూ మాత్రమే ఆ రక్షణ. తల్లికి టీకా లేకపోతే దూడకు దక్కే వాటా కూడా తక్కువే. ఆ సొమ్ము అయిపోయేలోపు దూడ సొంతంగా సంపాదించుకోవాలి. ఆ సంపాదన నేర్పేదే టీకా.

నేర్చుకునేది ఎవరు? తెల్లరక్తకణాల్లో ఒక రకమైన బి కణాలు. ఆ పేరులోని 'బి' వెనక ఓ కోడి కథ ఉంది. కోడి తోక కింద లోపలివైపు 'బర్సా' అనే చిన్న సంచి ఉంటుంది. అదెందుకో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి ఆ సంచి తీసేసిన కోళ్లను పెంచుతున్నాడు. తోటి విద్యార్థి ఒకరు వాటిలో కొన్నింటిని అడిగి తీసుకున్నాడు. క్రిమిని ఎక్కిస్తే యాంటీబాడీలు ఎలా తయారవుతాయో తరగతిలో చూపించాలన్నది ఆలోచన. తీరా చూస్తే సంచి లేని కోళ్లలో యాంటీబాడీలే లేవు! పాఠం చెడిపోయింది... కొత్త శాస్త్రానికి దారి దొరికింది. 1956లో ఆ ఫలితాన్ని కోళ్ల శాస్త్రానికి సంబంధించిన పత్రికలో ప్రచురించారు. ఇవాళ మనిషి రక్తపరీక్షలో కనిపించే బి కణాల పేరూ ఆ బర్సా నుంచి వచ్చిందే.

టీకాలో ఉండేది చంపేసిన క్రిమి, లేదా బలం తగ్గించిన క్రిమి. దాన్ని చూసి బి కణాలు శత్రువు ఆనవాళ్లు గుర్తుపెట్టుకుంటాయి. అసలు క్రిమి వచ్చిన రోజున వెతుక్కోకుండా వెంటనే యాంటీబాడీలను దించుతాయి. ఈ చదువుకు రెండు మూడు వారాలు పడుతుంది. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించాలనేది అందుకే. ఊళ్లో ఒక గేదె పడిపోయాక పరుగెత్తితే, పరీక్ష రోజున పుస్తకం తెరిచినట్టే.

మరి పుట్టగానే ఎందుకు వేయరు? అమ్మ ఇచ్చిన యాంటీబాడీలు టీకాలోని క్రిమిని కూడా శత్రువే అనుకుని అడ్డుకుంటాయి. పాఠం మొదలవకుండానే ముగిసిపోతుంది. గాలికుంటు తొలి టీకాను నాలుగు నెలల వయసు దాటాక వేయడం అందుకే. నెల తర్వాత మరో మోతాదు... అది మొదటి పాఠాన్ని వల్లె వేయించడం. ఆ జ్ఞాపకం మాసిపోకుండా ఆ తర్వాత ఆర్నెల్లకోసారి. ఇక చూడి పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్‌కు నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆడదూడలకు ఒకే ఒక్కసారి టీకా. అది మనుషులకూ సోకే రోగం. పాలు కాచి తాగమని పెద్దలు చెప్పడంలో ఎంత మేలుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఊరంతా వేయిస్తేనే

టీకాల బృందం వచ్చిన రోజున పాలిచ్చే గేదెను పొద్దున్నే పొలానికి తోలేసే ఇళ్లూ ఉంటాయి. సూది వేస్తే రెండ్రోజులు పాలు తగ్గుతాయని భయం. కొద్దిగా జ్వరం రావడం, పాలు కాస్త తగ్గడం నిజమే. ఒంట్లో పాఠం సాగుతోందనడానికి అదీ ఓ గుర్తే. కానీ తప్పించుకున్న ఆ ఒక్క గేదె వైరస్‌కు విడిది ఇల్లవుతుంది. గాలికుంటు మన దేశంలో ఓ, ఎ, ఏషియా-1 అనే మూడు రకాలుగా తిరుగుతోంది. మూడింటికీ కలిపి ఒకే టీకా. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఇంటి దగ్గరికే వచ్చి ఉచితంగా వేస్తున్నారు. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. కాబట్టి ఐసు పెట్టెలోంచి తీస్తున్నారో లేదో చూసే హక్కు రైతుకుంది.

ఊరంతా, దేశమంతా కలిసి వేయిస్తే ఏమవుతుందో చెప్పడానికి ముసర వ్యాధే సాక్ష్యం. పెద్దరోగమని తాతలు భయపడిన జబ్బు అది. వస్తే మందలకు మందలే తుడిచిపెట్టుకుపోయేవి. కాడెద్దులు పోతే ఆ ఏడు సేద్యమే ఉండేది కాదు. మన దేశంలో 1954లో దానిపై ఊరూరా టీకాల యుద్ధం మొదలైంది. 2006లో ఆ వైరస్ దేశంలో లేదని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించింది. 2011లో ప్రపంచం నుంచే పోయింది. మనుషుల్లో మశూచి తర్వాత భూమ్మీద నుంచి తుడిచేసిన రెండో రోగం అదే. ఆ మశూచిని తరిమిన టీకా కూడా 1796లో ఆవు దగ్గర్నుంచి వచ్చిందే. వ్యాక్సిన్ అన్న మాటకు మూలమైన లాటిన్ పదం 'వాకా' అంటే ఆవు!

ఇంతకీ జున్ను తినకూడదా? నిక్షేపంగా తినొచ్చు. బాగా పాడి ఉన్న పశువుకు దూడ అవసరం తీరాక ఇంకా పాలు మిగులుతాయి. రెండో పూట పాలతోనూ జున్ను అవుతుంది. పంచుకునే ఆచారాన్ని వదులుకోనక్కర్లేదు, వరస మార్చుకుంటే చాలు. ఈసారి పక్కింటి నుంచి జున్నుపాల గిన్నె వస్తే అందుకుంటూ ఒక్క మాట అడిగి చూడండి...

'దూడ తాగిందా, వదినా?'