ముక్క తిరగబడితే బెంగ తీరుతుందా?

చిలక జోస్యం మనకందరికీ తెలిసిందే. చిలక బయటికొచ్చి ముక్కుతో ఒక ముక్క లాగుతుంది, ఆ బొమ్మని బట్టి జోస్యుడు ఫలం చెబుతాడు. ముక్క తిన్నగా వచ్చిందా, తలకిందులుగా వచ్చిందా అని ఎవరూ అడగరు. ఇప్పుడు ఫోన్లలో చూస్తున్న టారో కార్డులకి మాత్రం ఆ పట్టింపు ఉంది. మన ఆడవాళ్ళు బెంబేలు పడుతున్నదీ అక్కడే.

మా వీధిలో ఒక కొత్త కోడలికి "తొమ్మిది కత్తుల" కార్డు తలకిందులుగా వచ్చిందిట. ఒకావిడ "నీ దిగులు తీరబోతోంది" అంది. ఇంకొకావిడ "లోలోపల ముదురుతోంది" అంది. ఇద్దరికీ డబ్బిచ్చి, ఉన్న కాస్త నిద్రా పోగొట్టుకుందా పిల్ల.

అసలు టారో 15వ శతాబ్దంలో ఇటలీలో పుట్టిన పేకాట. మొత్తం 78 ముక్కలు. జోస్యం తరవాత వచ్చి చేరింది. ఫ్రాన్సులో ఎత్తెయ్యా అనే ఆయన 1770లో మామూలు పేకతో జోస్యం చెప్పే పుస్తకం వేసి, ముక్క తలకిందులైతే అర్థం వేరని రాశాడు. 1785లో టారో మీదా రాశాడు. ఇవాళ ఎక్కువగా వాడే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయ్యాయి. వెయిట్ అనే ఆయన పర్యవేక్షణలో పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ గీసింది.

ఆ తొమ్మిది కత్తుల బొమ్మ చూడండి. అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకున్న మనిషి. వెనకాల చీకట్లో తొమ్మిది కత్తులు. తిన్నగా వస్తే నిద్రలేమి, దిగులు అంటారు. మరి తలకిందులైతే? వెయిట్ తన 1911 పుస్తకంలో అనుమానం, భయం, సిగ్గు అని రాశాడు. ఇప్పటివాళ్ళు చాలామంది ఉపశమనం అంటున్నారు. తలకిందుల అర్థమే చూడనివాళ్ళూ ఉన్నారు. ముక్క ఒకటే, మాట చెప్పేవాళ్ళది. కలిపేటప్పుడు కొన్ని ముక్కలు అటు తిరిగితేనే తలకిందులుగా వస్తాయి, అంతే!

సరదాకి చూస్తే తప్పులేదు. కార్డు చూడగానే మీకు ఏ సంగతి గుర్తొచ్చిందో అది పట్టుకోండి. పిల్లాడి చదువా, అప్పా, అత్తగారి మాటా? అదే మీ అసలు బెంగ. పద్దు పుస్తకంలో రాసినట్టు, పగటిపూట ఒక కాగితం మీద రాయండి. మన చేతిలో ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. చేతిలో ఉన్నవాటిలో ఒకటి ఆ రోజే మొదలుపెట్టండి. మిగతాది మీ వారితోనో, అక్కతోనో చెప్పుకోండి. సాయంత్రం కాఫీ మానెయ్యండి.

రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోయినా, గుండె దడ, ఆయాసం వస్తున్నా ఇంకో కార్డు తీయించుకోకండి, డాక్టరుకి చూపించుకోండి. బయటికి చెప్పుకోలేని బాధైతే 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం వారి టెలీ మానస్. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు.