అహింసకు దంతముల సాక్ష్యమేల?

మా గోదావరి మండలమున శాకాహారమును గూర్చి ప్రసంగము జరిగినప్పుడెల్ల ఒక వాదము వినవచ్చుచుండును. మనుష్యుని దంతములు పులికోఱలవంటివి కావు. అతని ప్రేవు పులిప్రేవుకంటె పొడవైనది. కావున ప్రకృతి యతనిని శాకములు తినుటకే నిర్మించినది. మాంసభక్షణము పాపము మాత్రమే కాదు, శరీరధర్మమునకే విరుద్ధము. దీనిని విని కరతాళధ్వనులు సలుపువారిలో విద్యావంతులే యెక్కువ. మేము జన్మతః శాకాహారులము; మాయింట గ్రుడ్డైనను ప్రవేశింపలేదు. అయినను ఈ వాదము అసత్యమనియు, అసత్యమగుటచేతనే అహింసకు హానికరమనియు చెప్పుట మా విధిగా తలంచుచున్నాము.

మనుష్యుడు పులి కాడనుట నిజమే. మఱి యెద్దా? ఒకే చేనిలో పండిన వరిలో గడ్డి యెద్దుది, గింజ మనది. ఎద్దు నాలుగు గదుల పొట్టతో నెమరువేసి గడ్డిని జీర్ణించుకొనును. మనమో, ఆ గింజనైనను దంచి, నిప్పుపై నుడికించి, మెత్తపఱచినగాని తినజాలము. మన జ్ఞాతియగు చింపాంజీయు కేవల ఫలాహారి కాదు. అది మాంసము తినుటను జేన్ గుడాల్ 1960వ సంవత్సరమున ఆఫ్రికా యడవులలో కన్నులార చూచెను. ఆఫ్రికాలోనే దొరకిన ప్రాచీన మృగాస్థులపై ఱాతిపనిముట్ల కోతలున్నవి. వాని వయస్సు ఇంచుమించు ఇరువదియైదు లక్షల యేండ్లు. మఱియొక వంక, పిండిపదార్థమును జీర్ణింపజేయు లాలాజలరసమునకు మూలమగు జన్యువు మనయందు పెక్కు ప్రతులుగా నున్నది. గింజలు, దుంపలు విశేషముగా తిను జాతులలో ఆ ప్రతులు హెచ్చుగా నుండుట 2007లో వెల్లడియైనది. ఇందుమూలమున తేలునదేమి? మనుష్యుడు దొరకినదానిని వండుకొని తిని బ్రదికిన జంతువు.

శరీరము రెండు ఋణములను మోయుచున్నది. పెక్కు జంతువులు సి-విటమినును తమ దేహముననే చేసికొనును. మన కాశక్తి నశించినది. కావున పండ్లకును కూరలకును ఋణపడియున్నాము. బి-12 విటమినును ఏ మొక్కయు చేయజాలదు; సూక్ష్మజీవులు చేసినది మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు వీని మూలముననే మనకు చేరవలయును. మొదటి ఋణమును జూపి శాకాహారియు, రెండవదానిని జూపి మాంసాహారియు జయభేరి మ్రోగింపవచ్చును. ఇరువురును సగము పత్రమునే చదివినవారు.

ఈ సత్యమునకు మన సీమవాడే సాక్షి. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణీవ్యాధితో మరణించిరి. పిదప అమెరికాలో ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఆకునకు లాటిను భాషలో గల పేరే దానికి పెట్టబడినది. అది పాండురోగులకు రక్తమును పెంచెను. కాని బి-12 లోపమున చెడిన నరములను బాగుచేయలేకపోయెను. ఆ బి-12 వేఱుపఱుపబడినది 1948లో; సుబ్బారావుగారు గతించినదియు ఆ సంవత్సరముననే. ఆకు చేయగలది కొంత, చేయలేనిది కొంత.

శాకమైన మాత్రమున ఆహారము నిర్దోషమగునా? గత శతాబ్ది పూర్వార్ధమున ఉత్తరసర్కారులలో మరబియ్యము తిని బెరిబెరి పాలైనవా రెందఱో. తవుడు పోయిన తెల్లని అన్నమును ప్రకృతి యే దంతముల కొఱకు విధించెనో వాదులే చెప్పవలయును.

ఇది పండితచర్చ మాత్రమే యని చదువరులు తలంపవలదు. మా బంధువులలో ఒక వృద్ధురాలికి కాళ్లు తిమ్మిరెక్కి, మతిమఱపు కలిగెను. వైద్యుడు పరీక్షించి బి-12 లోపమనెను. ఆమె కుమారుడు పట్టభద్రుడు. మనుష్యుడు శాకాహారిగా పుట్టినవాడు, అతనికి మందేల యని మూడు నెలలు జాగుచేసెను. తుదకు సూదిమందుతో రక్తము కోలుకొన్నది. పాదముల తిమ్మిరి మాత్రము పోలేదు. ఆ యింటి పంక్తిలో మేము చూచినదొకటి కలదు. గడ్డపెరుగు పురుషుల విస్తళ్లలో వడ్డింపబడెను; కడపట కూర్చున్న యామెకు నీళ్లమజ్జిగ మిగిలెను. మన శాకాహారమును ఇన్నాళ్లు కాపాడినది పాడి. ఆ పాడి యెవరి విస్తరికి చేరుచున్నదో విచారింపక దంతములను లెక్కించువారిని ఏమనవలయును?

రెండవ కీడు అంతకంటె నీచమైనది. వరదకాలమున పులస వండుకొను పొరుగువానిని ఈ వాదము ప్రకృతిభ్రష్టునిగా చేయుచున్నది. మడి పేరిట నిన్నటివఱకు చేసిన తిరస్కారమే నేడు శాస్త్రమను ఉత్తరీయము కప్పుకొని వచ్చినది. చరకసంహితలో అన్నపానవిధి శాకవర్గమును చెప్పినట్లే మాంసవర్గమును చెప్పినది. ఆ ప్రాచీనులకు లేని సంకోచము మనకేల?

అట్లయిన అహింస విడువవలయునా? ఎన్నటికిని వలదు. ప్రకృతి మనచే బలవంతముగా చేయించునది ధర్మమెట్లగును? ఆవు గడ్డి తినుట తపస్సు కాదు. తినగలిగియు, జీవిపై దయచే మానుటయందే అహింసకు గౌరవమున్నది. తినగూడదనువారు దయను సాక్షిగా పిలుతురు గాక; దంతములను పిలువవలదు. మానినవారు తమ యింటి స్త్రీలకు పాలును, పప్పును, వలసిన మాత్రయు సమకూర్చి, పొరుగువాని కంచమును నిందింపక యుందురు గాక. వృద్ధమాత పాదముల తిమ్మిరిని గమనింపని దయ చేపపై చూపిన దయ కాదు. అది తనపై తనకు గల మోహము మాత్రమే.