కుండీలోని నిమ్మ: ఆకు చూసి ఇచ్చే సలహా

పోచంపల్లి మగ్గాల ఇళ్ళలో వాకిలి జాగా తక్కువ. నిమ్మచెట్టు కావాలనుకున్నవారు దానిని సిమెంటు కుండీలోనో, పాత ప్లాస్టిక్ డ్రమ్ములోనో పెంచవలసిందే. మూడు నాలుగేళ్ళు చక్కగా ఎదిగిన మొక్క ఆ తరువాత ఆకులు పసుపుబారి, పిందె నిలుపలేక నీరసిస్తుంది. ఆకు ఫోటో విస్తరణ కార్యకర్తకు చేరితే వచ్చే సమాధానం తరచుగా ఒక్కటే: సూక్ష్మధాతు మిశ్రమం పిచికారీ చేయాలి. అది తోటకు ఇవ్వదగిన సమాధానం. కుండీలో మొదట చూడవలసినది వేరు.

కుండీ గోడను తాకిన వేరు దాని వెంటే చుట్లు తిరుగుతుంది. క్రమంగా మట్టి ఉండవలసిన చోటును వేర్లే ఆక్రమిస్తాయి. పోసిన నీరు వేరుముద్దలోకి ఇంకక, గోడ పక్కగా జారి అడుగు రంధ్రం నుండి వెళ్ళిపోతుంది. నీరు బయటికి వచ్చింది కనుక చాలినంత పోశామని ఇంటివారు భావిస్తారు. ముద్ద నడిమి భాగం మాత్రం పొడిగానే ఉంటుంది. దీనికి బోరు నీటిలోని బైకార్బొనేట్లు తోడైతే మట్టి ఉదజని సూచిక ఏటేటా పెరిగి, ఇనుము, జింకు ఉన్నా మొక్కకు అందవు. అప్పుడు పిచికారీతో ఆకు కొన్ని వారాలు పచ్చబడుతుంది, మళ్ళీ పాలిపోతుంది.

కుండీ మార్చడానికి తొలకరి తరువాత, ఎండ తగ్గిన రోజులు అనువైనవి. చుట్టుకున్న వెలుపలి వేర్లను శుభ్రమైన కత్తితో కోసి, కొమ్మలను కూడా ఆ మేరకు తగ్గించాలి. కొత్త కుండీ పాతదానికన్నా రెండు మూడు అంగుళాల వెడల్పు ఎక్కువైతే చాలు. మరీ పెద్ద కుండీలో వేరు చేరని మట్టి తడిగా నిలిచి వేరుకుళ్ళుకు దారితీస్తుంది. ఎర్రమట్టి, ముతక ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి వాడవచ్చు. మొక్క మొదలు పాత లోతులోనే ఉండాలి. అంటు కట్టిన భాగం మట్టికి పైనే ఉండాలి. కొత్త చిగురు వచ్చేవరకు రసాయనిక ఎరువు అక్కరలేదు. అడుగున గులకరాళ్ళ పొర వేయాలన్న సలహా కరపత్రాలలో ఇంకా కనిపిస్తుంది. దానిని తొలగించాలి. పైనున్న సన్నని మట్టి పూర్తిగా తడిసేదాకా నీరు రాళ్ళలోకి దిగదు. ఆ పొర వల్ల తడి మట్టి వేర్లకు మరింత దగ్గరవుతుంది.

ఫ్రాన్సులోని వెర్సాయ్ రాజోద్యానంలో నారింజ చెట్లకు పక్క పలకలు ఊడదీయగల చెక్కపెట్టెలు వాడారు. చెట్టును ఎత్తకుండానే వేరు చూసి, మట్టి మార్చడం వాటి ప్రయోజనం.

ఇది పెరటి ముచ్చటగా కనిపించవచ్చు. నల్లగొండ బత్తాయి తోటలలో నాటే అంటు మొక్క కూడా కుండీ మొక్కవంటిదే. దాని కుండీ పాలిథిన్ సంచి. సంచిలో ఎక్కువ కాలం ఉంచిన రంగపూర్ నిమ్మ వేరుమూలానికి తల్లివేరు అడుగున వంకర తిరుగుతుంది. దానిని అలాగే గుంతలో నాటితే ఆ వంకర విడిపోదు. కాపుకు నాలుగైదేళ్ళు ఎదురుచూసిన రైతుకు చెట్టు క్షీణించిన తరువాత గాని కారణం తెలియదు. కుండీ నిమ్మకైతే మరొక కుండీ ఉన్నది, నాటిన బత్తాయికి ఆ అవకాశం లేదు.

విద్యార్థుల నర్సరీ సందర్శనలు నేటికీ ఆకు, అంటు, ఎత్తు పరిశీలనతోనే ముగుస్తున్నాయి. ప్రతి వరుసలో ఒక సంచినైనా కోసి, మట్టి కడిగి, తల్లివేరు దిశను నమోదు చేయించాలి. కోసిన మొక్కల ధరను నర్సరీ యజమానికి చెల్లించేందుకు ప్రాక్టికల్ ఖర్చులోనే కొంత మొత్తం కేటాయించవలసి ఉంటుంది.