నోరు ఎండుతోందని బిళ్ళ మానవచ్చునా?

రావివలస నుంచి ఒక సోదరి వ్రాస్తున్నారు: "మా అత్తగారికి అరవై దాటాయి. రక్తపు పోటుకు ఆరేడు నెలలుగా బిళ్ళలు వేసుకుంటున్నారు. వాటిలో ఒక చిన్న బిళ్ళ మూడు పూటలా వేసుకోవాలి. అది మొదలుపెట్టినప్పటి నుంచీ నోరు పిడచగట్టుకు పోతోందట. రాత్రి రెండు మూడుసార్లు లేచి నీళ్ళు తాగుతారు. అన్నం ముద్ద గొంతు దిగటం లేదంటారు. 'పోటు నాకేం తెలియటం లేదు, యీ యెండిపోవటమే తెలుస్తోంది, బిళ్ళ మానేస్తాను' అని పట్టు పట్టారు. పైగా కార్తీకం వస్తోంది. సోమవారాలు యెలాగూ ఉపవాసం కదా, ఆ రోజుల్లో మానితే యేం అంటున్నారు. మూత్రపిండాలు కొంచెం దెబ్బ తిన్నాయని డాక్టరుగారు యిదివరకే చెప్పారు. ఆమెకు యేమని చెప్పమంటారు?"

అమ్మా, ముందు మీ అత్తగారి మాట నమ్మండి. ఆమె చెప్పేది చాదస్తం కాదు. కొన్ని రక్తపు పోటు మందులు నోరు ఎండజేసే మాట నిజమే. రక్తపు పోటు పైకి కనబడదు, నొప్పి పెట్టదు. నోరు ఎండటం మాత్రం నిమిషం నిమిషం తెలుస్తూనే వుంటుంది. తెలియని జబ్బు కోసం తెలిసే బాధ యెందుకు పడాలి అని యెవరికైనా అనిపిస్తుంది. అయితే ఆమె వేసుకునే మందు నేను అనుకుంటున్నదే అయితే, దాన్ని హఠాత్తుగా మానటం నోరు యెండటం కంటె వెయ్యిరెట్లు ప్రమాదం. ఎందుకో చెబుతాను.

ఆరోగ్యంగా వున్న మనిషి నోట్లో రోజుకు అరలీటరు మొదలు లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అన్నాన్ని తడిపి మింగనిచ్చేది, రుచి తెలియజేసేది, పళ్ళ సందుల్లో యిరుక్కున్నదాన్ని కడిగేది, నోట్లో పుట్టే ఆమ్లాన్ని విరిచి పళ్ళను కాపాడేది అదే. ఉప్పును, నీటిని మూత్రంలో పంపివేసే బిళ్ళలు వేసుకుంటే ఒంట్లో నీరు తగ్గి దాహం, నోరెండటం కలుగుతాయి. గర్భిణులకు పోటు వస్తే యిచ్చే మిథైల్‌డోపా కూడా నోరు ఎండజేస్తుంది. అన్నిటికంటె యెక్కువగా యీ పని చేసేది క్లోనిడిన్ అనే మందు. మన దేశంలో ఆర్కమిన్ వంటి పేర్లతో దొరుకుతుంది. మూత్రపిండాలు దెబ్బతిని, పోటు ఒక పట్టాన లొంగనివారికి దీన్ని రెండు మూడు పూటలా వేసుకోమని వ్రాస్తుంటారు. మీరు చెప్పిన చిన్న బిళ్ళ బహుశా యిదే అయివుంటుంది. చీటీ మీద పేరు చూసుకోండి.

ఈ మందు పుట్టుకే ఒక వింత కథ. 1962లో జర్మనీలో బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీవారు దీన్ని జలుబుకు ముక్కులో వేసే చుక్కల మందుగా తయారుచేశారు. అక్కడి డాక్టరు ఒకాయన దగ్గర పనిచేసే కార్యదర్శినికి జలుబు చేస్తే ముక్కులో ఆ చుక్కలు వేశారు. ఆమె ఒక రోజంతా నిద్రపోయింది. పరీక్షిస్తే రక్తపు పోటు బాగా దిగిపోయివుంది, నాడి నెమ్మదించింది, నోరు ఎండిపోయింది. అలా జలుబు మందు కాస్తా రక్తపు పోటు మందు అయి 1966లో బజారులోకి వచ్చింది. అంటే నోరెండటం యీ మందుతో మొదటి రోజు నుంచీ వున్నదే. వాడేవారిలో నూటికి నలభై మందికి యిది కనబడుతుంది. రక్తనాళాలను బిగించమని మెదడు పంపే ఆజ్ఞలను యీ మందు తగ్గిస్తుంది. లాలాజలం ఊరించే ఆజ్ఞలు కూడా దానితోపాటే తగ్గుతాయి. అదృష్టవశాత్తు, వాడగా వాడగా కొందరిలో యీ బాధ దానంతట అదే తగ్గుముఖం పడుతుంది.

ఇక ప్రమాదం మాట. కొంతకాలం వాడిన క్లోనిడిన్‌ను ఉన్నట్టుండి మానేస్తే, అణిగివున్న పోటు ఒకటి రెండు రోజుల్లో ఎగదన్ని, మందు మొదలుపెట్టక ముందుకంటె పైకి పోవచ్చు. తలనొప్పి, గుండె దడ, చెమటలు, వణుకు కలుగుతాయి. పక్షవాతం దాకా పోయినవారున్నారు. గుండెదడ తగ్గటానికి యిచ్చే అటెనోలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు కూడా వాడుతున్నవారికి యీ ముప్పు మరీ యెక్కువ. అందుచేత దీన్ని మానదలచుకుంటే డాక్టరు కనిపెట్టి చూస్తుండగా, మోతాదు కొద్దికొద్దిగా దించుతూ మానాలి.

కార్తీక సోమవారాల సంగతి కూడా దీనితోనే తేలిపోయింది. పొద్దుటి నుంచి నక్షత్రాలు కనబడేదాకా యేమీ ముట్టకపోతే రెండు పూటల బిళ్ళ తప్పిపోతుంది. మీ వూళ్ళో పై కప్పు లేకుండా యెండలోనే కొలువైవున్న మల్లికార్జునస్వామి స్థలపురాణం మీకు తెలిసిందే. రామాయణంలోని వైద్యుడు సుషేణుడు అక్కడ మూలికలతో రోగులకు వైద్యం చేస్తూ, తపస్సు చేస్తూ వుండిపోయాడంటారు. వైద్యుడు తపస్సు చేసినచోట మందు మింగితే వ్రతభంగమని యెందుకు అనుకోవాలి? గుక్కెడు నీళ్ళతో బిళ్ళ వేసుకుని ఉపవాసం వుండమనండి. అసలు మూత్రపిండాలు బాగాలేనివారు యెండలో, నీళ్ళు లేకుండా పగలంతా వుండవచ్చునా అన్నది ముందు డాక్టరుగారిని అడగాలి. వద్దంటే పళ్ళెంలో నాలుగు మెతుకులు పెట్టుకుని దండం పెట్టుకోవటమే మేలు.

మరి నోటికేం చేయాలి? ఎక్కువ నీళ్ళు తాగమని నేను చెప్పను. మీ పొరుగునే ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వూళ్ళలో, మూత్రపిండాల వ్యాధి యెన్ని యిళ్ళను కూల్చిందో మీకు వేరే చెప్పనక్కరలేదు. మూలకారణం యిదీ అని శాస్త్రజ్ఞులు యింకా తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. కాళ్ళ వాపు, ఆయాసం వున్నవారికి, డయాలిసిస్ మీద వున్నవారికి రోజుకు యిన్ని నీళ్ళే అని డాక్టరు కొలత పెడతారు. ఆ కొలత దాటకూడదు. ఆ నీటినే ఒక చెంబులో పోసి వుంచి, దాహమైనప్పుడల్లా గడగడా తాగకుండా, గుక్కెడు నోట్లో పోసుకుని, కాసేపు పుక్కిట పట్టి మింగటం అలవాటు చేయండి. గోలీకాయంత ఐసుముక్క చప్పరిస్తే నీటికంటె యెక్కువసేపు హాయిగా వుంటుంది. కొలత పెట్టనివారు మామూలుగా తాగవచ్చు.

ఉద్దానం కొబ్బరితోటల సీమ కనుక కొబ్బరిబోండం మాట ప్రత్యేకంగా చెప్పాలి. కొబ్బరినీళ్ళలో పొటాషియం హెచ్చు. మంచి మూత్రపిండాలు దాన్ని బయటికి పంపివేస్తాయి, దెబ్బతిన్నవి పంపలేవు. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటి పోటు మందులు కూడా పొటాషియాన్ని ఒంట్లో నిలవేస్తాయి. అది మితిమీరితే గుండె కొట్టుకోవటమే తప్పుతుంది. కాబట్టి మీ అత్తగారికి రోజూ బోండాలు కొట్టి యివ్వకండి. ఉప్పు వేసిన మజ్జిగ, సోడా, నాలుక తడవటానికని నంజుకునే ఊరగాయ కూడా వద్దు. ఉప్పు దాహాన్ని పెంచుతుంది, పోటునూ పెంచుతుంది.

దవడ ఆడితే లాలాజలం ఊరుతుంది. చక్కెర లేని చూయింగ్ గమ్ నమలవచ్చు. పెద్దవారికి అది నచ్చకపోతే ఒక యాలక్కాయ బుగ్గన పెట్టుకోమనండి. చక్కెర బిళ్ళలు చప్పరిస్తూ వుంటే పళ్ళు పుచ్చుతాయి. నిమ్మతొన, చింతపండు మాటిమాటికీ చీకితే పంటి పైపూత అరుగుతుంది. అన్నం పొడిగా కాకుండా చారుతోనో, ఉప్పు తక్కువ వేసిన పల్చటి పప్పుతోనో మెత్తగా కలిపి పెట్టండి. రాత్రి పంకా గాలి తిన్నగా మొహానికి కొట్టకుండా చూడండి. లాలాజలానికి బదులుగా నోట్లో రాసుకునే జెల్లులు, చల్లుకునే ద్రవాలు మందుల షాపుల్లో దొరుకుతాయి. జలుబు బిళ్ళలు మాత్రం సొంతంగా కొని వేయవద్దు. వాటిలో చాలావాటికి నోరు ఎండజేసే గుణం వుంది, కొన్ని పోటును కూడా పెంచుతాయి.

ఎండిన నోట్లో పళ్ళు త్వరగా పాడవుతాయి. ఫ్లోరైడు వున్న పేస్టుతో రెండు పూటలా తోముకోవాలి. కట్టుడు పళ్ళుంటే రాత్రి తీసి కడిగి నీళ్ళలో వుంచాలి. సారా పదార్థం కలిసిన పుక్కిలి మందులు మరింత ఎండజేస్తాయి. మీ జిల్లా తీరాన ఆడవాళ్ళలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు వుంది. 1960లలోనే టాటా పరిశోధన సంస్థవారు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో వేలమంది నోళ్ళు పరీక్షించారు. అడ్డపొగ వల్ల అంగిలికి కాన్సరు వస్తుందని అటువంటి పరిశోధనలు తేల్చాయి. ఆ అలవాటు వున్నవారు నోరెండటానికి మందును తప్పుపట్టేముందు చుట్ట ఆర్పాలి.

నోరెండటానికి యెప్పుడూ బిళ్ళే కారణమని కూడా అనుకోవద్దు. దాహంతోపాటు మూత్రం ఎక్కువగా పోతుంటే మధుమేహమేమో రక్తపరీక్ష చేయించాలి. నాలుక మీద తెల్లటి పూత పేరుకుని మంట పెడితే అది బూజుజాతి పుండు. దానికి వేరే మందుంది. వాంతులో విరేచనాలో పట్టుకుని, నోరెండి, కళ్ళు తిరిగి, మూత్రం తగ్గితే అదే రోజు డాక్టరును చూడాలి. అప్పుడు పోటు మందులను కొన్నాళ్ళు ఆపవలసి రావచ్చు. ఏది ఆపాలో, యేది ఆపకూడదో ఆయనే చెప్పాలి.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు యింట్లో వున్న బిళ్ళలన్నీ, జలుబుకూ నిద్రకూ నొప్పులకూ వాడేవి కూడా, ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళండి. వారం రోజుల పాటు ఉదయం, సాయంత్రం పోటు చూపించి కాగితం మీద వ్రాసి పెట్టుకోండి. "నోరు ఎండిపోతోంది, మోతాదు తగ్గించటానికి వీలుందా? బదులు మందు వుందా? పెద్ద మోతాదు రాత్రికి మార్చవచ్చునా?" అని మొహమాటపడకుండా అడగండి. ఆయన జవాబు చెప్పేదాకా ఒక్క పూట బిళ్ళ కూడా తప్పకూడదు.